వేలంలో పోయిన విత్తనం

ఈ సంగతి రాయమని నన్నెవరూ అడగలేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే మా వికారాబాద్‌లో ఈమధ్య ఎవరిని కదిలించినా రేపటి గురించిన భయమే బయటపడుతోంది. బోర్లలో నీళ్లు పోతాయని ఒకరు, మిషన్లొచ్చి పనులు పోతాయని ఒకరు, యుద్ధాలని ఒకరు. ఇవన్నీ కడవరి దినాల గుర్తులేనని మా చర్చిలో కొందరు. భయపెట్టే మాటలు ఫోన్లలో దేశమంతా తిరిగివస్తున్నాయి. భయపడి, ఆ భయంతోనే నాగలి కట్టినవాళ్ల మాట మాత్రం ఊరి పొలిమేర కూడా దాటడం లేదు. మొన్నటి ఎండాకాలం మా తమ్ముడి ఇంట్లో జరిగింది అలాంటిదే. రాసి పెట్టని సంగతి ఎంత తొందరగా మాసిపోతుందో, గ్రంథాలయంలో పాత పత్రికల బైండ్లు తిరగేసిన నాకు బాగా తెలుసు.

తమ్ముడు రాయడానికి ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు.

"రాస్తె రాయి అక్కా. పేర్లు మాత్రం పెట్టకు. పాలిష్ మిషన్ కాడోళ్లకు తెలిస్తె నన్ను ఆగం పట్టిస్తరు."

అందుకని ఇందులో పేర్లుండవు.

నేను కుట్టుపని చేస్తాను. ఏడో తరగతితో బడి ఆగిపోయింది. మిగతా చదువంతా మా ఊరి గ్రంథాలయం బెంచీ మీదే సాగింది. మధ్యాహ్నం పూట గిరాకీ ఉండదు. షట్టరు సగం దించి వెళ్లి కూర్చుంటాను. మొదట్లో పేపరు షీట్ల కోసం రిటైరైన మాస్టర్లతో పోటీ పడేదాన్ని. తర్వాత బీరువాల వైపు మళ్లాను. చరిత్ర, వ్యవసాయం, నక్షత్రాలు, పురుగులు, ఏది దొరికితే అది చదివాను. డిగ్రీ ఉన్నవాళ్లు కూడా తెరవని పుస్తకాలు కొన్నింటికి నేనే మొదటి పాఠకురాలినని గ్రంథాలయం సారు ఒకసారి అన్నారు. ఆ మాట నేను చాలామందికి చెప్పుకున్నాను. ఇప్పుడు మీకూ చెప్పుకుంటున్నాను.

మా తమ్ముడు తాండూరులో నాపరాళ్లు పాలిష్ చేసే యూనిట్‌లో పని చేస్తాడు. సొంతూరు బషీరాబాద్ వైపు. అక్కడ నాయన ఇచ్చిన నల్లరేగడి చేను ఉంది. పొద్దున యూనిట్‌కి వెళ్లడం, సాయంత్రం చేనికి వెళ్లడం. ఒంటి మీద పగలు తెల్లదుమ్ము, సాయంత్రం నల్లమన్ను. ఆ చేనిలో ఏటా కందే వేస్తారు. విత్తనం కొన్నది కాదు, నాయన కాలం నుంచి వస్తున్నది.

నాయన పద్ధతి ఒకటుండేది. కోతకు ముందు చేనంతా తిరిగి, మంచి కాపు ఉన్న మొక్కలకు గుడ్డపేలికలు కట్టేవాడు. ఆ మొక్కలను వేరుగా కోసి, వేరుగా కొట్టి, ఆ గింజలనే విత్తనానికి ఉంచేవాడు. నేను కుట్టుపని నేర్చుకున్నాక ఆ పేలికలు నా దుకాణం నుంచే వెళ్లేవి. చేనిలో ఎర్రవీ పచ్చవీ ముక్కలు గాలికి ఊగుతుంటే దూరానికి పండుగ తోరణాల్లా కనిపించేవి. నాయన పోయాక తమ్ముడూ అలాగే కడుతున్నాడు.

చర్చిలో కోతపండుగకు మా ఇంటి గంప ఆ విత్తనపు కుప్పలోంచే వెళ్లాలి. అదీ నాయన పద్ధతే. అమ్మకానికి పోయే కుప్పలోంచి ఇస్తే ఊరుకునేవాడు కాదు. మా వైపు కోతపండుగ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. పంట ఇంటికొచ్చాక ఒక ఆదివారం ఎవరికి పండింది వాళ్లు తెస్తారు. కంది, జొన్న, గుమ్మడికాయలు, కోళ్లు, మేకపిల్ల కూడా. ఆరాధన అయ్యాక చర్చి ముందే వేలం. మా వాళ్లే కాదు, ఊళ్లోవాళ్లందరూ వస్తారు. కొన్న గుమ్మడికాయను మళ్లీ చర్చికే ఇచ్చేసి రెండోసారి పాడించేవాళ్లు కూడా ఉంటారు.

ఇక వానలు మొదలయ్యేముందు విత్తనాల ఆదివారం. ప్రతి రైతూ పిడికెడు విత్తనం మూటకట్టి తెచ్చి చర్చిలో ప్రభువు బల్ల ముందు పెడతాడు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తారు. ఆ పిడికెడు ఇంటికి తీసుకుపోయి మిగతా విత్తనంలో కలిపి విత్తుతారు.

రెండేళ్ల నుంచి తమ్ముడు ఫోన్‌లో ఎవరెవరివో బోధలు వింటున్నాడు. మా అయ్యగారి మాటల్లో ఉండే నిదానం వాటిలో ఉండదు. వెనక పెద్ద సంగీతం, తెర మీద మంటలు. తినేటప్పుడు అదే, పండుకునేటప్పుడు అదే. యూనిట్‌లో కొత్త మిషన్ దిగి, పక్కన పనిచేసే కొందరిని రావద్దన్న రోజు నుంచి అది మరీ ముదిరింది. చెడు కాలానికి తిండి దాచుకోవాలని ఎవరో చెప్పారట. తాండూరు నుంచి బిగుతు మూత ఉన్న నీలం డ్రమ్ము తెచ్చాడు. కంది కోతయ్యాక విత్తనపు గింజలను పూర్తిగా ఎండనివ్వకుండానే అందులో పోసి మూత బిగించాడు. బూడిద లేదు, వేపాకు లేదు, నాయన చేసినట్టు ఎర్రమట్టి పట్టించడం లేదు. కోతపండుగకు గంప ఇవ్వడానికి కూడా అడ్డం తిరిగాడట. మరదలు వినలేదు. మూత బిగించకముందే గంప నింపి పక్కన పెట్టేసింది.

ఎండలు ముదిరాక ఒకరోజు మరదలు ఫోన్ చేసింది.

"వదినా, ఒకసారి వచ్చిపో. నీ తమ్ముడు చేను గనికి ఇస్తడంట."

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. మా వైపు మన్ను కింద నాపరాయి ఉంటుంది. బండ కోసం ఒకసారి తవ్వారంటే ఆ చేను మళ్లీ చేను కాదు. గుంత, గుంతలో పచ్చటి నీళ్లు, గట్టున రాతిముక్కల దిబ్బలు. తాండూరు చుట్టూ అలాంటివి చూస్తూనే పెరిగాం. విత్తనాల ఆదివారం మరునాడే గని ఆయన మాట ఖాయం చేసుకోవడానికి వస్తాడని మరదలు చెప్పింది.

బడుల డ్రెస్సులు కుట్టే రోజులవి. ఊపిరాడని పని. అయినా కాజాలు కుట్టాల్సిన చొక్కాలు సంచిలో వేసుకుని ప్యాసింజరు రైలెక్కాను. తాండూరులో దిగి షేర్ ఆటోలో ఊరు చేరేసరికి తమ్ముడు వాకిట్లో కూర్చుని ఉన్నాడు. పక్కన ఫోన్లో బోధ మోగుతూనే ఉంది.

నేను ఊరికే వెళ్లలేదు. రైల్లో వాదన సిద్ధం చేసుకున్నాను. పాత పత్రికల్లో నేను చదివినవన్నీ చెప్పాను. తోకచుక్క కనిపిస్తే లోకం ముగుస్తుందని భయపడ్డవాళ్లు, కలరా గత్తర వస్తే ఊళ్లు వదిలిపోయినవాళ్లు, కరువు ఏళ్లలో ఇక వాన పడదని తేల్చేసినవాళ్లు, ప్రతి తరంలోనూ తమదే చివరి తరమనుకున్నవాళ్లు ఉన్నారని, వాళ్ల మనవళ్లమే మనమని చెప్పాను. బాగా చెప్పాననే ఇప్పటికీ అనుకుంటున్నాను.

తమ్ముడు అంతా విన్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"నువ్వు పుస్తకాలల్ల జూసి చెప్తున్నవ్. నేను ఫోన్ల జూసి చెప్తున్న. నీది చదువు, నాది పిచ్చి. అంతేనా అక్కా?"

"గట్ల ఎవరన్నరురా?"

"మా యూనిట్ల మిషన్ ఏ పుస్తకంల ఉన్నది? నిన్నటిదాంక నా పక్కన నిలబడ్డోడు ఇయ్యాల ఇంట్ల కూసున్నడు. రేపు నేను. బోర్ల నీళ్లు అడుక్కు పోయినయ్. చేను నమ్ముకుంటె ఏమున్నది? గనికిస్తె ఇంత చేతికొస్తది, ఇంట్ల డ్రమ్ముల గింజలున్నయ్. ఎంత చెడ్డ కాలమొచ్చినా కొన్ని దినాలు గడుస్తది. ప్రభువు రాకడ దగ్గరున్నప్పుడు ఎవడన్న విత్తుకుంట కూసుంటడా?"

మరదలు పొయ్యి దగ్గర నుంచే అందుకుంది. "ప్రభువు వచ్చేసరికి నేను కలుపు తీస్తుంటె ఏమన్న అంటడా? చేతులు కడుక్కోని రమ్మంటడు. నువ్వు ఫోన్ జూసుకుంట కూసున్నవనుకో, చార్జింగ్ అయిపోయేదాంక ఆగుతడా?"

తమ్ముడికి నవ్వొచ్చింది గానీ మింగేశాడు. ఆ నవ్వు చూసి నాకు కొంచెం ధైర్యం కలిగింది. మనిషి పూర్తిగా పోలేదు.

డ్రమ్ములో ఏముందో చూద్దామన్నాను. కంది పురుగు చేనిలో ఉన్నప్పుడే కాయ మీద గుడ్డు పెడుతుందని, మన కంటికి కనపడకుండానే గింజతోపాటు ఇంటికొస్తుందని నేను చదివి ఉన్నాను. ఎండ సరిగ్గా తగలని గింజ బిగిసిన మూత కింద ఎలా ఉంటుందోనన్న అనుమానం దారంతా తొలుస్తూనే ఉంది. తమ్ముడు మూత తిప్పాడు. ముక్కిపోయిన వాసన వాకిలంతా కమ్మింది. పై పొర మీద బూజు గడ్డకట్టి ఉంది. చెయ్యి పెట్టి కదిపితే కింద గింజలకు సూదితో పొడిచినట్టు రంధ్రాలు, ఆ రంధ్రాల్లోంచి చిన్న చిన్న పురుగులు.

మరదలు మెల్లగా అంది. "మన్నా దాచుకున్నోళ్ల కథే అయ్యింది మనది."

అది చిన్నప్పుడు సండే స్కూల్లో మేమందరం విన్న కథే. ఎడారిలో రోజుకింత తినమని దేవుడు ఇచ్చినదాన్ని రేపటికని దాచుకుంటే పురుగు పట్టిన కథ. తమ్ముడు ఆ కథను ఇంకోలా తీసుకున్నాడు.

"జూసినవా అక్కా. నాయన విత్తనమే పోయింది. ఇంక విత్తొద్దని దేవుడే చెప్తున్నడు. గనికే ఇస్త."

గుర్తులు వెతికేవాడికి ప్రతిదీ తాను అనుకున్న వైపే చూపిస్తుంది. నేను సంచి తీసి కాజాలు కుడుతూ కూర్చున్నాను. చేతులకు పని ఉంటే నోరు అదుపులో ఉంటుంది.

మరునాడు పొద్దున కాక వచ్చాడు. ఆయన మా చేను పక్క రైతు, గొర్రెల కాపరి. వాళ్లు మల్లన్నను కొలుస్తారు, మేము చర్చికి పోతాం. చుట్టరికం లేకపోయినా చిన్నప్పటి నుంచి ఆయన మాకు కాకే. ఏటా ఎండాకాలంలో తన మందను మా చేనిలో కొన్ని రాత్రులు ఆపేవాడు, ఎరువు కోసం. ఈ ఏడు వద్దన్నాడట తమ్ముడు. అది అడగడానికే వచ్చాడు.

"ఏమిరా తమ్మీ, నా గొర్లు ఏం తప్పు జేసినయ్? మీ నాయన ఉన్నప్పటికెల్లి ఆడనే పండుకుంటున్నయ్ అవి."

"చేను గనికి పోతది కాకా. ఎరువెందుకు?"

కాక నా వైపు చూశాడు. "ఏం బిడ్డా, నిజమేనా?"

నేను తలూపాను. మరదలు డ్రమ్ము చూపించింది. కాక ఒక గింజ తీసి గోటితో నొక్కి పారేశాడు. కర్ర చంకలో పెట్టుకున్నాడు.

"మీ నాయన విత్తనం నా కాడున్నది," అన్నాడు.

మాకు అర్థం కాలేదు. కాకే చెప్పాడు. కోతపండుగ వేలంలో మా గంప పాడుకున్నది ఆయనే. అది ఎప్పుడో వండుకుని ఉంటాడనే తమ్ముడూ మరదలూ అనుకున్నారు.

"పప్పుకు గాదు, విత్తనానికే పాడిన. పేలిక కట్టిన చెట్ల గింజలని నాకెరుకే గదా. మంచిగ ఎండబెట్టి, ఎర్రమట్టి పట్టించి, బూడిద గలిపి కుండల పెట్టిన. నా చేనుకు సగం సాలు. సగం నువ్వు తీస్కో."

మరదలు ముఖం వెలిగింది. నేను కూడా ఇక అంతా సర్దుకుందనే అనుకున్నాను. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు.

"వద్దు కాకా. అది దేవునికి ఇచ్చిన గంప. ఇచ్చిందాన్ని మళ్ల నా చేన్ల ఎట్ల ఏస్కుంట? అసలే కాలం బాగలేదు. గా పాపం గూడ ఎందుకు?"

అతని భయం అప్పుడు నాకు సరిగ్గా అర్థమైంది. మిషన్ గురించీ నీళ్ల గురించీ ఉన్న భయం పెరిగి పెరిగి దేవుడి దాకా వెళ్లింది. ఇప్పుడు దేవుడంటే కూడా అతనికి ఒక ప్రమాదమే.

కాకకు ఈ చిక్కు అర్థం కాలేదు, లేదా కానట్టు నటించాడు. "ఇచ్చింది నువ్వు. నేను దేవుని కాడ పాడుకున్న, పైసలు అక్కడే కట్టిన. ఇప్పుడది నాది. నాది నేను నీకిస్తున్న. నడుమ నీకేం ఫికర్? మీ దేవుడు నన్నడిగితె నేను జెప్పుకుంట."

"నిన్నెందుకు అడుగుతడు కాకా?"

"అడగడా? ఏటా మీ పండుగకు వస్తున్న గదా, ముఖం గుర్తుపట్టడా?"

మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు మాత్రం ఒప్పుకోలేదు. కాక వెళ్లి ఆ సగం మూటకట్టి తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు.

నాకు ఒక ఉపాయం తట్టింది. వ్యవసాయం పుస్తకంలో చదివిందే, నాయన కూడా చేసిందే. తడిగుడ్డలో చుట్టి మొలక చూడడం. నా సంచిలో డ్రెస్సుల పేలికలున్నాయి. డ్రమ్ములోంచి కాస్త మంచివిగా కనిపించిన గింజలు ఏరి నీలం గుడ్డలో చుట్టాను. కాక ఇచ్చిన గింజలు ఖాకీ గుడ్డలో. రెండూ తడిపి వంటింటి మూలన పెట్టాను. "ఇదేం పాపం కాదురా, చూడడమే," అన్నాను. పొద్దునా సాయంత్రం వాటి మీద నీళ్లు చల్లింది తమ్ముడేనని మరదలు నాకు సైగతో చూపించింది.

ఆ నాలుగైదు రోజులూ ఇంట్లో ఎవరి పని వాళ్లు చేసుకున్నాం. నేను కాజాలు కుట్టాను. మరదలు ప్రతి పూటా బియ్యం కడిగేముందు పిడికెడు తీసి చర్చి డబ్బాలో వేయడం చూశాను. మా అమ్మ కూడా అలాగే చేసేది. బియ్యం తక్కువున్న రోజుల్లో కూడా ఆ పిడికెడు తగ్గేది కాదు. ఇన్ని పుస్తకాలు చదివాను గానీ రేపటి భయానికి మందు ఆ పిడికిట్లో ఉందని నాకు తోచింది అప్పుడే. దాచుకునే చెయ్యి బిగుసుకుంటూ పోతుంది. ఇచ్చే చెయ్యి రోజుకు రెండుసార్లైనా తెరుచుకుంటుంది.

విత్తనాల ఆదివారం పొద్దున గుడ్డలు విప్పాం. నీలం గుడ్డలో జిగురు, వాసన, ఎక్కడో ఒకటీ అరా తెల్లటి మొన. ఖాకీ గుడ్డ విప్పుతుంటే గుడ్డకే వేర్లు పట్టుకున్నాయి. దాదాపు ప్రతి గింజా పగిలి, తెల్లగా, కొక్కెంలా వంగి, పైకి చూస్తోంది.

తమ్ముడు గుడ్డను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "నాయన విత్తనమే," అన్నాడు.

చర్చికి మాతో వచ్చాడు గానీ చేతిలో మూట లేదు. అందరూ మూటలు బల్ల ముందు పెట్టారు. ప్రార్థన అయ్యాక తమ్ముడు అయ్యగారి దగ్గరికి వెళ్లి గంప సంగతంతా చెప్పాడు. దేవునికి ఇచ్చినది వెనక్కి తీసుకోవచ్చునా అని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. అయ్యగారు వెంటనే వాక్యం ఏదీ చెప్పలేదు. బల్ల ముందున్న మూటల వైపు చూపించారు.

"ఇవన్నీ ఎవరివి?"

"దేవుని ముందర పెట్టినయి అయ్యగారు."

"ఇప్పుడు ఏం చేస్తరు వీటిని?"

"ఎవరిది వాళ్లు ఇంటికి తీస్కపోతరు."

"మీ నాయన ఏటా తీస్కపోలేదా?"

"తీస్కపోయిండు."

"ఆయనకెప్పుడన్నా భయమైందా?"

తమ్ముడు తల వంచి మూటల వైపు చూశాడు.

"ఇచ్చిన విత్తనం నీ ఇంటి దారి ఎతుక్కోని వచ్చింది. వద్దని ఎల్లగొడితే మాత్రం నేను ఒప్పుకోను," అని అయ్యగారు అతని భుజం తట్టి, మూటలు పంచడానికి వెళ్లిపోయారు.

మరదలు ఇక ఆగలేదు. కొంగు ముడి విప్పింది. అందులో కాక ఇచ్చిన గింజలు పిడికెడు. ఇంటి దగ్గరే కట్టుకుని వచ్చింది. తమ్ముడు దాన్ని తీసుకుని, ఖాళీ అవుతున్న బల్ల ముందు అందరికన్నా చివర పెట్టాడు.

మరునాడు గని ఆయన వచ్చాడు. తెల్లకారు, మంచి మాటలు. తమ్ముడు ఆయనకు చాయ్ ఇప్పించి, "ఈ ఏడు విత్తుతున్న సేటూ," అన్నాడు. వచ్చే ఏడు సంగతి ఏమిటని ఆయన అడిగాడు. "వచ్చే ఏడు నేనెట్ల చెప్త?" అన్నాడు తమ్ముడు. నెల ముందు ఇదే మనిషి రాబోయే కాలమంతా కళ్లకు కట్టినట్టు చెప్పేవాడు. వచ్చే ఏడు గురించి తెలియదనే మాట అతని నోట వినడం అదే మొదటిసారి. నాకు అది ప్రార్థనలాగే వినిపించింది.

వాన ఆలస్యమైంది. విత్తాక పది రోజులు మబ్బు పట్టింది, పడలేదు. ఆ రోజుల్లో ఫోన్లో బోధ మళ్లీ మోగింది, నేను అబద్ధం రాయను. పడ్డాక కూడా ఒకచోట మొలక సరిగ్గా లేక మళ్లీ విత్తాల్సి వచ్చింది. యూనిట్‌లో పని ఉంటుందో పోతుందో ఇప్పటికీ తెలియదు. నీలం డ్రమ్మును మాత్రం మరదలు కడిగి నీళ్లకు వాడుతోంది. ఈ ఏడు కాక మందను ఆపడానికి ఆలస్యమైందని, వచ్చే ఎండాకాలం రెండు రాత్రులు ఎక్కువ ఆపుతానని అన్నాడట.

ఇప్పుడు చేను పూత మీద ఉంది. మొన్న తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, పేలికలు పంపు. కాయలు పట్టంగనే కట్టాలె."

"ఏ రంగు పంపాలె?"

"ఏదన్నా మంచిదే. జర ఎక్కువనే పంపు. కాక గూడ తన చేన్ల కడ్తడంట."

ఎర్రవీ ఖాకీవీ కలిపి ఒక సంచి నింపి, మా ఊరివాళ్లు రైలెక్కుతుంటే ఇచ్చి పంపాను.

పేర్లు రాయొద్దన్న మాట నిలబెట్టుకుంటూనే కృతజ్ఞతగా ఈ నాలుగు మాటలు. మా విత్తనాన్ని మాకంటే భద్రంగా చూసుకున్న కాకకు, నోరు మెదపకుండా ఇన్నేళ్లూ ఎరువిచ్చిన ఆయన గొర్రెలకు కూడా. ఆ గంపను డ్రమ్ములో పడనివ్వని మరదలికి. నాకన్నా తక్కువ మాటల్లో నాకన్నా బాగా చెప్పిన అయ్యగారికి. డ్రెస్సులు ఆలస్యమైనా పిల్లల్ని పాత చొక్కాలతో బడికి పంపి ఓపిక పట్టిన తల్లులకు. పురుగుల పుస్తకాన్ని గడువు దాటినా అడగకుండా వదిలేసిన గ్రంథాలయం సారుకు. తన భయాన్ని నలుగురికీ చెప్పనిచ్చిన తమ్ముడికి. ఈ ఏడు కూడా కోతపండుగకు మా గంప విత్తనపు కుప్పలోంచే వెళుతుంది. ఎవరు పాడుకుంటారో చూడాలి. కాక ఇప్పటినుంచే వేలంపాట పెంచుతున్నాడట.